పసుపు మీద కట్టిన పందెం

మా చిన్నాన్న తన కొడుకు సురేష్ చెయ్యి విరగ్గొట్టాడని చోడవరం నుంచి పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను విశాఖలో మా ఇంట్లో కూర తరుగుతున్నాను. చిన్నాన్న అంటే మా నాన్న తమ్ముడు, రమణ. అరవై దాటిన మనిషి, కుడికాలు ఈడుస్తూ కర్ర పట్టుకుని నడుస్తాడు. ఆ కర్రతోనే బాదాడట. సురేష్ ముప్పై ఏళ్లవాడు, మందుల కంపెనీలో ఉద్యోగం, రేపో మాపో పెళ్లి కావలసినవాడు. వాణ్ణి మంచం మీద పడేసి గొడ్డును కొట్టినట్టు కొట్టాడని పిన్ని ఏడుస్తూ చెప్పింది. ఏం చేశాడని అడిగితే, ఫోన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు చూస్తూ పందెం కట్టాడని చెప్పింది. కత్తిపీట అక్కడే వదిలేసి, చీర మార్చుకుని, చోడవరం బస్సెక్కాను. దారి పొడుగునా చిన్నాన్నని ఏమని తిట్టాలో కూర్చుకుంటూనే ఉన్నాను. నాకు కోపం వస్తే మాటలు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే వరస కడతాయి. ఆ గుణం మా తాత నుంచి వచ్చిందని అమ్మ అనేది. ఆ మాట వింటే నాకు ఇంకా ఒళ్లు మండేది.

సురేష్ వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా పిండికట్టు, మెడలోంచి వేలాడే గుడ్డ, చెంప మీద కర్ర తగిలిన చోట నల్లగా కమిలిన వాత. అంత దెబ్బ తిన్నవాడు రెండో చేత్తో మళ్లీ ఆ ఫోనే చూస్తున్నాడు. వరసకి నేను వాడికి అక్కని, మా వైపు అప్ప అంటారు.

"ఏటిరా ఇది?" అన్నాను.

"ఏటి సెప్పమంటావప్పా. బ్రెజిల్ మేచి తెల్లారకట్ట వస్తే సూస్తన్నాను. నాన్న ఎనకాల నిలబడి, ఎవుడు గెలుస్తాడ్రా అన్నాడు. సెప్పేను. నీకెలగ తెల్సు అన్నాడు. యాప్‌లో రేట్లు సూపించేను. అంతే, కర్ర దిగిపోనాది."

ఆ రేట్లేవో నాకూ చూపించాడు. "ఎవుడు గెలుస్తాడన్నదొక్కటే అనుకోకప్పా. ముందు గోలు ఎవుడేస్తాడు, కార్నర్లెన్ని వస్తాయి, ఎల్లో కార్డు ఎవుడికి పడతాది, అన్నిటికీ కట్టొచ్చు. హాఫ్ టైముకి రేటు మారిపోద్ది. అప్పుడు ఇటు కట్టింది అటు తిప్పేసుకోవచ్చు. బ్రెజిలుకి ఈసారి అంత సీను లేదు. పేరు పెద్దది కాబట్టి గెలిసినా మనకొచ్చేది తక్కువే."

"ఎవుడితో కట్టేవురా?"

"ఎవుడితోటీ కాదు, ఫోనుతోటి."

"మరి నువ్వు గెలిస్తే ఓడిపోయినోడు ఎవుడు?"

"అది తెల్దు. ఓడిపోతే మట్టుకు నానే" అని నవ్వాడు. చెంప నొప్పెట్టి ఆ నవ్వు సగంలో ఆపేశాడు.

నేను విసురుగా పెరట్లోకి వెళ్లబోతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపేసింది. అన్నం తిన్నాక తిట్టుకోవచ్చులే, ఆయన ఎక్కడికీ పారిపోడు, కాలు లేనోడు అంది. ఆ కాలు ఎలా విరిగిందన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. బ్రెజిల్ అన్న మాట కూడా ఎత్తరు. ఎందుకెత్తరో పాపం సురేష్‌కి తెలియదు. పిన్నికి పెళ్లయి వచ్చిన కొత్తలో మామ్మ చెప్పింది, మామ్మ పోయాక ఆ మాట ఆగిపోయింది. నాకు తెలుసు. ఆ కాలు విరిగినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, ఇంటర్ చదువుతున్నాను.

మా తాత సన్యాసినాయుడి ఇల్లు బుచ్చయ్యపేట వెళ్లే రోడ్డు మీద, ఊరి చివర. ఇప్పుడు సురేష్ కూర్చున్న సిమెంటు అరుగు అప్పుడు మట్టిది. దాని మీద గంపలు బోర్లించి ఉండేవి, గంపకొక పందెం కోడి. తెల్లవారకముందే ఇల్లంతా కోడిరెట్ట వాసన, ఆముదం వాసన, మామ్మ కాల్చే అడ్డచుట్ట వాసన. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ఆ పొగలోంచే మామ్మ మమ్మల్ని తిడుతూ పనులు చేయించేది. నోరు కాలదా అంటే, మీ తాతతో కాపరం చేసినదానికి నిప్పొక లెక్కా అనేది. పొయ్యి మీద వేణ్ణీళ్లు మా స్నానాలకి కాదు, కోళ్ల కాళ్లకి. తాత గొంతుక్కూర్చుని, పసుపు వేసిన వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి పిండి, ఒక్కో కోడి తొడనీ పిక్కనీ పసిపిల్లకి పట్టినట్టు పట్టేవాడు. వాటికి నానబెట్టిన చోళ్లు, గంటెలు, అంటే రాగులూ సజ్జలూ, ఉడికించిన గుడ్డు ముక్కలు. మాకు చద్దన్నం. నాకూ గుడ్డు పెట్టమని ఒకసారి అడిగాను. "నువ్వు బరిలోకి దిగుతావేటే?" అన్నాడు తాత. అడిగినందుకు మొట్టికాయ కూడా వేశాడు.

ఆ ఇంట్లో చెయ్యి చేసుకోవడానికి కారణం అక్కర్లేదు. తాత చింతబరికతో చిన్నాన్నని కొట్టేవాడు, మామ్మ అట్లకాడతో నన్ను కొట్టేది, ఎవరినీ కొట్టలేని మా నాన్న గోడకి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకునేవాడు. కోళ్లని మాత్రం ఎవరూ కొట్టేవారు కాదు, అవి ఒకదాన్నొకటి చంపుకోవలసినవి కాబట్టి. ఒక పండగనాడు తాతకి తెలియకుండా బరి దగ్గరికి వెళ్లాను. మా డేగ, అంటే ఎర్రకోడి, కత్తి దెబ్బకి కడుపు చీలి పేగు బయటికి వేలాడుతోంది. తాత ఆ పేగుని రెండు వేళ్లతో లోపలికి తోసి, సూదీ దారంతో కుట్టేసి, నీళ్లు పుక్కిలించి దాని ముఖాన ఊది, మళ్లీ దింపాడు. అది ఎగిరి ఎదుటి కోడి మెడ తెగ్గోసింది. గెలిచి, ఇల్లు చేరేలోగా తాత చంకలోనే చచ్చిపోయింది. తాత చొక్కా ఒక పక్కంతా రక్తంతో తడిసి అట్టకట్టింది. మామ్మ ఆ కోడిని మంట మీద కాల్చి కూర వండింది, అందరం తిన్నాం. ఆ రోజులు బంగారు రోజులని ఎవరైనా నా ముందు అంటే వాళ్లకి ఈ చొక్కా సంగతి చెబుతాను.

తాతకి చదువు రాదు. కోడి పంచాంగం మాత్రం నోటికి వచ్చు. ఏ వారం, ఏ తిథి, పొద్దు ఎక్కడున్నప్పుడు ఏ రంగు కోడి ఏ రంగు దాన్ని కొడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. డేగ ఎర్రది, కాకి నల్లది, వీపు మీద పసుపు ఈకలుంటే నెమలి. ఆ లెక్క తప్పిన రోజున పంచాంగం తప్పిందని ఒప్పుకునేవాడు కాదు, తానే తిథి సరిగా చూడలేదని చెంపలు వాయించుకునేవాడు. బరి దగ్గర కోడికి రంగు తప్ప వేరే పేరుండదు. 'నెమలి నాది' అన్న మాట నోట్లోంచి వచ్చాక, ఆ కోడి కుంటిదని తెలిసినా, అది పగవాడి కోడే అయినా, మాట తిప్పకూడదు. కాగితం లేదు, సంతకం లేదు. మాట తిప్పినవాణ్ణి చుట్టూ నిలబడ్డవాళ్లే కుమ్మేసేవారు. తాత అలా కుమ్మినవాళ్లలో ఒకడే గాని, ఏనాడూ కుమ్మించుకున్నవాడు కాదు. ఆ ఇంట్లో ఆయన గర్వపడింది దానికొక్కదానికే.

చిన్నాన్నకి కోళ్లంటే అసహ్యం. ఆయన లోకమంతా ఫుట్‌బాల్. అనకాపల్లి కాలేజీ జట్టులో ఆడినవాడు, పాతికేళ్ల వయసు, తొడలు టేకు దుంగల్లా ఉండేవి. పొలం గట్ల మీద బంతి తన్నుకుంటూ రావికమతం రోడ్డు దాకా పోయి వచ్చేవాడు. ఆ నెలాఖరుకి విశాఖలో ఒక కంపెనీ తన జట్టుకి ఆటగాళ్లని ఎంచుకోబోతోంది. ఎంచుకుంటే ఉద్యోగం, క్వార్టరు. చదువు అంతంతమాత్రమే, సేద్యం చెయ్యలేడు, బతుకంతా ఆ రెండు కాళ్ల మీదే పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ప్రపంచకప్పు వచ్చింది. ఐరోపాలో ఎక్కడో ఆట, మనకి దీపాలు పెట్టే వేళకి టీవీలో వచ్చేది. మా నాన్న ఫ్యాక్టరీలో గుమస్తా, బోనస్ వచ్చినప్పుడు కొన్న రంగుల టీవీ ఆ వీధికంతటికీ ఒక్కటే. పొద్దున్నే తాత కోళ్లకి కాపడం పెడుతుంటే చిన్నాన్న పేపరు చదివి వినిపించేవాడు. కొడుకు చదువుతుంటే తాత చెయ్యెత్తకుండా విన్నది నేను ఆ పది పదిహేను రోజుల్లోనే చూశాను.

"ఆ పదో నెంబరు గుంటడికి కాలు నయమైనాదా?" అనేవాడు తాత.

"అయినాదయ్యా. నిన్న పరిగెట్టేడట."

"మేతేటి ఆళ్లకి?"

"మాంసం, రొట్టి, పళ్లు."

"ఎదుటోడు తంతే ఎనక్కి తగ్గుతాడా, మీదకెల్తాడా?"

"మీదకే ఎల్తాడు. ఈసారి కప్పు బ్రెజిల్‌దేనయ్యా, రాసిపెట్టుకో."

"రాయడం నాకేటొచ్చురా. పసుపు సొక్కాలే కదా, నెమలి" అని తాత తృప్తిగా తల ఊపేవాడు. ప్రపంచంలో అంత గొప్ప జట్టు తన పంచాంగంలో ఇమిడిపోయినందుకు ఆయనకి సంతోషం. తండ్రీ కొడుకూ ఒకే కోడి మీద కట్టినట్టుండేది ఆ ముచ్చట. మామ్మ కూడా వంటింటి గుమ్మంలో నిలబడి వినేది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నారు పోసిన ఆకుమడులు నెర్రెలిచ్చాయి. మా పొలానికీ, పక్కనున్న పైడయ్య పొలానికీ చెరువు నుంచి ఒకటే మదుం, అంటే నీరు వదిలే తూము. ఒక ఏడు ముందు నీరు మాది, మరుసటి ఏడు వాళ్లది. కిందటేడు గట్టు తెగి నీరంతా అడ్డదిడ్డంగా పోయింది గనుక ఈసారి వంతు ఎవరిదో తేలలేదు. చెరువులో ఉన్నది అడుగున నీరు. ముందు పెట్టుకున్నవాడి ఆకుమడి బతుకుతుంది, రెండోవాడికి బురద మిగులుతుంది. పైడయ్య బరిలో తాతకి పాతికేళ్ల పగవాడు. ఒకరి కోడిని ఒకరు చంపుకుంటూ ముసలివాళ్లయిన మనుషులు. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని రెండు పూటలు మాట్లాడినా తెగలేదు. చివరికి పైడయ్య విసుగెత్తి, "కోళ్లతో తేల్సీసుకుందాం నాయుడూ" అన్నాడు. తాత కళ్లు మెరిశాయి గాని, అది కోళ్లు ఈకలు రాల్చే కాలం. బోడి మెడలతో గంపల కింద ముడుచుకుని ఉన్నాయి. అప్పుడే లోపల టీవీలో జనం అరుపులు వినిపించాయి. "అయితే ఆ బంతాట మీద కట్టుకుందాం. ముందు నీరు గెలిసినోడిది" అన్నాడు పైడయ్య.

మరునాటి ఆట ఎవరిదని తాత అడిగాడు. బ్రెజిల్‌ది అన్నాడు చిన్నాన్న, ముఖం వెలిగిపోతుండగా. ఎదుటిది ఎక్కడో చలిదేశం, దాని పేరు మా వాళ్లకెవరికీ నోరు తిరగలేదు. తాత వేళ్లు మడిచి వారం, తిథి, పొద్దు లెక్కపెట్టాడు. దీపాలవేళ, నెమలికి తిరుగులేదు. "పసుపు నాది" అని చెయ్యి చాపాడు. "అయితే రెండోది నాది" అని పైడయ్య ఆ చేతిలో చెయ్యి వేశాడు. ఆ రెండో జట్టు చొక్కా ఏ రంగో ఎవరూ అడగలేదు. పేపర్లో బొమ్మలన్నీ నలుపు తెలుపువే. అంతా తెలిసిన చిన్నాన్నకి కూడా అది తట్టలేదు.

మరునాడు సాయంత్రం మా సావిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. తాత టీవీకి ఎదురుగా మంచం మీద, పైడయ్య బల్ల మీద, చిన్నాన్న నేల మీద. బ్రెజిల్ వాళ్లు వస్తున్నారహో అని చిన్నాన్న కేకపెట్టాడు. మైదానంలోకి పసుపు చొక్కాలవాళ్లు వచ్చారు, వాళ్ల పక్కనే నీలం చొక్కాలవాళ్లు వచ్చారు. చిన్నాన్న కాసేపు తెరకి ముఖం ఆనించి చూసి, ఇంగ్లీషు వ్యాఖ్యానం చెవులు రిక్కించి విని, తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. రెండు జట్ల చొక్కాలూ పసుపే గనుక కలగాపులగం కాకుండా ఒకరు మార్చుకున్నారు. మార్చుకున్నది బ్రెజిల్. నీలం వాళ్లే మనవాళ్లు, పసుపు వాళ్లు చలిదేశం అని తండ్రికి చెప్పాడు.

"నాయుడూ, నీదేది?" అని అడిగాడు పైడయ్య. నిజం చెప్పాలి, ఎగతాళిగా అడగలేదు. బరి మర్యాదగానే అడిగాడు.

"పసుపు" అన్నాడు తాత.

"అయ్యా! బ్రెజిల్ మీద కదా కట్టేవు!" అని అరిచాడు చిన్నాన్న.

"బ్రెజిలని నేనన్నేదు. పసుపు నాదన్నాను. కోడి ఈకలు మార్సుకుంటే పందెం మారిపోద్దేటిరా?"

"అది కోడి కాదయ్యా! దేశం!"

"నోర్ముయ్. ఆట సూడు" అన్నాడు తాత. ఆ ఆటంతా తండ్రి ఒక పక్క, కొడుకు ఒక పక్క. పేరైనా ఎవరూ వినని ఆ చలిదేశపు కుర్రాళ్లు బంతి తీసుకుంటే తాత మంచం కోడు పట్టుకుని ముందుకి వంగేవాడు, నీలం వాళ్లు తీసుకుంటే చిన్నాన్న లేచి నిలబడేవాడు. నీలం వాళ్లు గోలు వేశారు. ఆట అయిపోయింది, బ్రెజిల్ గెలిచింది. "గెలిసేం! నీరు మాదే!" అని చిన్నాన్న ఎగిరాడు. తాత లేచి, కండువా దులిపి, "ఓడిపోనాను పైడయ్యా. ముందు నీరు నీదే, పొద్దున్నే పెట్టుకో" అన్నాడు.

చిన్నాన్న పైడయ్య మీద పడ్డాడు. గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ముసలాడి నోట్లోంచి రక్తం, పన్నూ కలిసి బయటికొచ్చాయి. పైడయ్య తాలూకు మనుషులు చిన్నాన్న జుట్టు పట్టి వెనక్కి లాగారు. మా వీధి వాళ్లు వాళ్లని పట్టుకున్నారు. బల్ల విరిగింది. ఎవరో విసిరిన చెంబు నా కణతకి తగిలి నేను కూలబడ్డాను. టీవీ బోర్లా పడి బొమ్మ పోయింది, గొంతు మాత్రం మిగిలింది. అందులో ఎవడో ఇంగ్లీషులో సంబరంగా అరుస్తూనే ఉన్నాడు. తాత వచ్చి విరిగిన బల్లకోడు తీసుకుని, పైడయ్య మనుషుల్ని కాదు, సొంత కొడుకు వీపునే ఛళ్లున కొట్టాడు. "మాట పోతే నాకేటి మిగుల్తాదిరా!" అని కొట్టాడు. "నీ మాట తింటామా మేం? నీరు లేకపోతే ఏటి తింటాం?" అని చిన్నాన్న అంత గట్టిగానూ అరిచాడు. అప్పుడు నేను చిన్నాన్న పక్షం. ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరం ఆయన పక్షమే.

తెల్లవారేసరికి చిన్నాన్న మంచం ఖాళీ, మూలనున్న గునపం లేదు. మదుం పగలగొట్టి నీరు మా మడిలోకి తిప్పుకోవడానికి వెళ్లాడు. తాత పార భుజాన వేసుకుని వెనకాలే వెళ్లాడు. కాసేపటికి పొలాల్లోంచి ఒక కేక వినపడింది, మనిషి కేకలా లేదది. మామ్మ నోట్లో చుట్ట పారేసి పరిగెత్తింది. చిన్నాన్నని మంచం మీద వేసి నలుగురు మోసుకొచ్చారు. కుడికాలు మోకాలి కింద పక్కకి తిరిగిపోయి ఉంది, తోలు చీలి ఎముక తెల్లగా కనపడుతోంది, దాని మీద మదుం బురద. వెనకాల తాత పార పట్టుకుని వచ్చాడు. ఏం జరిగిందని ఎవరడిగినా, "నేనే కొట్టేను" అన్నాడు. పైడయ్య ఆకుమడి తడిసింది. మాది ఎండిపోయింది.

విశాఖ పెద్దాసుపత్రిలో ఎముక వంకరగా అతుక్కుంది. కంపెనీ ఎంపికలు చిన్నాన్న అక్కడ పడుకుని ఉండగానే అయిపోయాయి. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున తాత గంపలన్నీ ఎత్తి, కోళ్లని ఒక్కొక్కటిగా పట్టుకుని మెడలు తిప్పేశాడు. రెక్కలు కొట్టుకుంటూ వాకిలంతా దొర్లాయవి. మామ్మ వండనంది, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాడు. చేసిన పాపానికి పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంది. పందెం మాట కోసం కన్నకొడుకు కాలు నరికినోడని మామ్మ బతికున్నంత కాలం ఎవరు వచ్చినా చెప్పేది. ఆయనకి తన చేత్తో అన్నం వడ్డించడం మానేసింది. తాత రోజూ పొద్దున్నే వేణ్ణీళ్లు కాచి, పసుపు వేసి, చిన్నాన్న మంచం పక్కన పెట్టి వెళ్లేవాడు. చిన్నాన్న బాగున్న కాలితో ఆ గిన్నెని తన్నేసేవాడు. మరునాడు మళ్లీ గిన్నె వచ్చేది. తాత పోయినప్పుడు చిన్నాన్న శ్మశానానికి వెళ్లలేదు, సారా దుకాణంలో కూర్చున్నాడు. అదే సరైన పని అనుకున్నాను నేను.

ఇదంతా తలచుకుంటూ పిన్ని పెట్టిన అన్నం తిన్నాను. ఇప్పటి సురేష్ పందేనికి ఎదుటివాడు లేడు, కనక గొంతు పట్టుకోవడానికి ఎవడూ దొరకడు, మాట లేదు కనక తప్పేదీ లేదు. ఇటు కట్టింది అటు తిప్పుకోవచ్చట. ఆ సౌకర్యం మా తాతకి ఉంటే ఆ కాలు బతికేది కదా అని కూడా అనిపించింది. అయినా చూస్తే, ఆ ఇంట్లో మళ్లీ ఎముక విరిగింది. తాత బుద్ధి ఎక్కడికి పోతుంది, ఈయన ఒంట్లోకే వచ్చి కూర్చుంది అనుకుంటూ చెయ్యి కడుక్కుని పెరట్లోకి నడిచాను. చిన్నాన్న మునగచెట్టు కింద కుర్చీలో ఉన్నాడు.

"వచ్చేవేటే పారోతీ, తిట్టడానికేనా?" అన్నాడు నావైపు చూడకుండానే.

"నేదు, హారతివ్వడానికి. నీ కాలు ఆ ముసిలోడు తీసేడు, ఈడి సెయ్యి నువ్వు తీసేవు. ఆడు సచ్చినా నీ ఒంట్లోనే ఉన్నాడు సిన్నాన్నా. రాక్షస వంశం!"

"మా అయ్యనేటీ అనకు."

నేను తెల్లబోయాను. తాత పోయి అన్నేళ్లయినా ఆ నోట అయ్య అన్న మాట నేను వినలేదు. ముసలాడు అనేవాడు, లేకపోతే ఏమీ అనేవాడు కాదు.

"ఏల అనకూడదు? ఎముక కనపడింది నాకు, ఈ కళ్లతో సూసేను."

"ఎముక సూసేవు. మదుం కాడ నువ్వు నేవు" అన్నాడు చిన్నాన్న. "గునపం నేనే ముందు ఎత్తేను పారోతీ. అడ్డం నిలబడ్డాడు. మాట ఇచ్చీసేను, ఎనక్కెల్లిపో అన్నాడు. తప్పుకోకపోతే సంపేస్తానన్నాను. సంపు అన్నాడు. నెత్తి మీదకే ఎత్తేను. బెదిరించడానికి కాదు, దించీసీవోణ్ణే. అంతలో కిందనుంచి పారతో కొట్టేడు. మెడ మీద కొట్టొచ్చు, తల మీద కొట్టొచ్చు. కాలి మీద కొట్టేడు. నేను పడిపోనాను, గునపం పక్కన పడిపోనాది."

"మరి తాత ఏల సెప్పలేదు?"

"సెప్తాడనే సూసేను. ఆసుపత్రిలో పడుకుని రోజూ సూసేను, ఇయాల సెప్పేస్తాడు, అయ్యని సంపబోయినోడని ఊరంతా నా మీద ఉమ్ముతాది అని. సెప్పలేదు. అమ్మ తిట్టింది, నువ్వు తిట్టేవు, ఆడి కంచంలో అన్నం పెట్టిన దిక్కు లేదు. ఒక్కనాడూ సెప్పలేదు. అందుకే ఆ గిన్నె తన్నీవోణ్ణి. సూడలేక."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను, సిగ్గుపడలేదు. మామ్మ చుట్ట పొగలోంచి తిట్టిన తిట్లన్నీ, వాటికి నేను కలిపిన తిట్లన్నీ తల వంచుకుని తిన్న ఆ ముసలి మనిషి కళ్ల ముందు నిలబడ్డాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగాను.

"మరి సురేషు? ఆడేటి ఎత్తేడు నీ మీద?"

"ఆడేటీ ఎత్తలేదే. ఫోను సూపించి నవ్వేడు. ఆ నవ్వు సూసేసరికి నా కళ్లు మూసుకుపోనాయి. ఎప్పుడెత్తేనో తెల్దు. అప్పుడూ నేనే ఎత్తేను, ఇప్పుడూ నేనే ఎత్తేను" అన్నాడు చిన్నాన్న. వంకరకాలిని రెండు చేతులతోనూ పట్టుకుని ముందుకి జరుపుకున్నాడు. "అప్పుడైతే నన్ను పడగొట్టడానికి మా అయ్య ఉన్నాడు. మొన్న ఎవుడూ లేడే, పారోతీ."